జేపెగ్: ఏది వదలాలో తెలిసిన గణితం

వెబ్‌సైట్‌లో అమ్మకానికి పెట్టే వస్తువు ఫోటో ఎంత బరువుంటే అంత నమ్మకంగా ఉంటుందని చాలామంది అమ్మకందారులు అనుకుంటారు. ఫోన్‌లో తీసిన 12 మెగాపిక్సెళ్ల ఫోటోను ఉన్నదున్నట్టు ఎక్కించేస్తారు. ఈ అభిప్రాయం సరికాదని చెప్పడానికి జేపెగ్ కథ ఒక్కటి చాలు. కంటికి అక్కరలేనిదేదో ఎంచి వదిలేయడమే ఆ పద్ధతికి ప్రాణం. ఆ ఎంపికలో కొంత భాగం గణితం చేస్తుంది, మిగతాది మనిషి చేయాలి.

బెంగళూరులో 1940లో పుట్టిన నాసిర్ అహ్మద్ అమెరికాలోని కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీలో పనిచేస్తూ, 1972లో ఒక కొత్త గణిత పద్ధతి మీద పరిశోధనకు నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌ను నిధులడిగారు. ఆలోచన మరీ సులువుగా ఉందనుకున్నారో ఏమో, నిధులు రాలేదు. ఆయన పని మానలేదు. శిష్యుడు టి. నటరాజన్, మిత్రుడు కామిశెట్టి రామమోహనరావులతో కలిసి 1974 జనవరిలో ఐఈఈఈ పత్రికలో కొద్ది పేజీల వ్యాసం ప్రచురించారు. అదే డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫాం, క్లుప్తంగా డీసీటీ. ఫోటోల కోసం ఉమ్మడి ప్రమాణం తయారుచేయడానికి 1986లో ఏర్పడిన నిపుణుల బృందం దీన్నే పునాదిగా తీసుకుంది. 1992లో ఆమోదం పొందిన ఆ ప్రమాణానికి బృందం పేరే జేపెగ్‌గా నిలిచింది. ఇన్ని కోట్ల ఫోటోలకు ఆధారమైన ఆలోచన మొదటి గడప దగ్గరే తిరస్కారానికి గురైందంటే బాధగానే ఉంటుంది.

పోచంపల్లి ఇక్కత్ చీర ఫోటో ఒకటి తీసుకుందాం. నిలువు 1200, అడ్డం 1200 పిక్సెళ్లు. ఒక్కో పిక్సెల్‌కు మూడు బైట్ల చొప్పున 43 లక్షల 20 వేల బైట్లు. జేపెగ్ ముందు వెలుగును, రంగును విడదీస్తుంది. మన కన్ను వెలుగులోని చిన్న తేడాను పట్టుకున్నంతగా రంగులోని తేడాను పట్టుకోలేదు. అందుకే సాధారణంగా నాలుగు పిక్సెళ్లకు కలిపి రంగు వివరం ఒక్కసారే రాస్తారు. అక్కడికే సగం బరువు దిగిపోతుంది. తర్వాత వెలుగు చిత్రాన్ని 8 పిక్సెళ్ల చదరాలుగా, అంటే ఈ ఫోటోలో 22,500 చదరాలుగా కోస్తుంది. ఒక్కో చదరంలోని 64 అంకెలను డీసీటీ మరో 64 అంకెలుగా మారుస్తుంది. మొదటిది ఆ చదరం సగటు వెలుగు, మిగతావి క్రమంగా సన్నని మార్పులు. ఇంతవరకూ వెలుగు చిత్రంలో పోయింది దాదాపు ఏమీ లేదు. అసలు కోత తర్వాతి మెట్టులో పడుతుంది. ప్రతి అంకెనూ ఒక పట్టికలోని సంఖ్యతో భాగించి దగ్గరి పూర్ణాంకానికి సవరిస్తారు. ప్రమాణంలో నమూనాగా ఇచ్చిన వెలుగు పట్టికలో మొదటి సంఖ్య 16, చివరిది 99. అంటే చివరి మూలలో 13 ఉంటే అది సున్నా అయిపోతుంది. వరుసగా వచ్చే సున్నాలను దాచడానికి చోటు ఎంతో పట్టదు. ‘క్వాలిటీ 80’ అన్నది ఈ పట్టికను ఎంత కఠినంగా వాడాలో చెప్పే మీట మాత్రమే. అది శాతం కాదు. నూటికి ఎనభై వంతుల నిజం మిగిలిందని దానికి అర్థం లేదు.

ఇలా వదిలేయడం కొనేవారిని మోసగించడం కాదా అని అడగవచ్చు. సరైన ప్రశ్నే. ఇక్కత్‌లో నూలుకు కట్లు కట్టి, రంగులద్ది, ఆ తర్వాతే నేస్తారు. అందుకే బొమ్మ అంచులు కాస్త మసకబారి ఉంటాయి. చేనేత తెలిసినవాళ్లు దాన్నే గుర్తుపడతారు. క్వాలిటీ మరీ దించితే ఆ మసక చదరాలుగా విరిగిపోతుంది. దానికి విరుగుడనుకొని షార్ప్‌నెస్ పెంచితే అంచు గీతలా తేలి, అసలు చీర కాస్తా ప్రింటు చీరలా కనిపిస్తుంది. నల్లని నేల మీద ఎర్రని సన్నపు గీత ఉన్నచోట రంగు వివరం తగ్గి ఎరుపు పక్కకు చెదురుతుంది. అలాంటి ఫోటోకు రంగు వివరం తగ్గించని సెట్టింగు ఎంచుకోవాలి. కాబట్టి మోసం కుదింపులో లేదు, చూడకుండా కుదించడంలో ఉంది. ఐదు మెగాబైట్ల ఫోటోలో రంగు తప్పితే అదీ అబద్ధమే. కొన్ని ఫోన్లు ఎక్కువ రంగుల పరిధిలో తీస్తాయి. ఆ ఫోటోను వెబ్‌లో మామూలుగా వాడే ఎస్‌ఆర్‌జీబీకి మార్చకుండా రంగు ప్రొఫైల్ తీసేస్తే మెరిసే ఎరుపు వెలిసినట్టు కనిపిస్తుంది.

5జీ వచ్చాక ఈ చాదస్తం ఎందుకని మరో మాట. కొనేవాళ్లందరికీ అన్నిచోట్లా ఒకే సిగ్నల్ ఉండదు. పైగా 1200 పిక్సెళ్ల వెడల్పున చూపించే బొమ్మకు 4000 పిక్సెళ్లు పంపితే అదనంగా వెళ్లినవి ఏ కంటికీ కనబడవు. వెబ్‌పీ, ఏవీఐఎఫ్ లాంటి కొత్త ఫార్మాట్లు వచ్చాయి కదా అంటే, వాటిని వాడుకోవచ్చు. చాలా సందర్భాల్లో అవి ఇంకా తేలికవుతాయి. కానీ వాటి లోపలా డీసీటీ బంధువులే పనిచేస్తున్నాయి. నష్టంతో కుదించే వెబ్‌పీ అయితే రంగు వివరాన్ని ఎప్పుడూ తగ్గించే రాస్తుంది. ఎర్ర గీత చిక్కు అక్కడా ఉంటుంది.

అందుకని వరుస తప్పకండి. ముందు రంగు సరిచూడండి, తర్వాత కత్తిరించి పరిమాణం తగ్గించండి, ఫోటో తీసిన చోటును బయటపెట్టే జీపీఎస్ వివరాలు తీసేయండి, చివరగా ఒకే ఒక్కసారి కుదించండి. మెసేజ్ యాప్‌లో మామూలు ఫోటోగా పంపితే దారిలోనే అది మళ్లీ కుదించుకుపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి. కెమెరా ఇచ్చిన మూల ఫైలును మాత్రం చెరపకండి. రేపు ఏ కొత్త ఫార్మాట్ వచ్చినా దాని నుంచి మళ్లీ తయారు చేసుకోవచ్చు. జేపెగ్ ఒకసారి వదిలేసిన అంకెలను ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తీసుకురాలేదు.