ఎఱ్ఱజెండా ఎగురుచుండగా

"చదువుకొనుటకు బడికి పంపితిమి గాని, తుపాకి పట్టుటకు పంపలేదు గదా!" యెన్.సి.సి. శిబిరమునకు అనుమతిపత్రముపై సంతకము కోరినపుడు తల్లిదండ్రులలో కొందరు పలుకు మాట యిది. ఇందులో తప్పు పట్టవలసినది లేదు. తుపాకి యనగానే పోలీసుఠాణాయో, యుద్ధమో, అడవిలోని దొంగవేటయో మనస్సునకు తట్టును. గురి కాల్చుట ఒక క్రీడయనియు, దానికి సంఘములును పోటీలును ఉత్సవదినములును కలవనియు, ఆ క్రీడలో కాల్చుటకంటె ముందుగా ఆగుట నేర్పుదురనియు అందఱకు తెలియదు. శిబిరమునకు పోవు విద్యార్థులకును, వారిని పంపుటకు సందేహించు పెద్దలకును ఉపయోగించునని ఆ సంగతులను కొన్నింటిని ఇచ్చట వ్రాయుచున్నాను.

గురి చూచుట మన సీమకు క్రొత్తవిద్య యేమియు గాదు. 1936వ సంవత్సరము ఏప్రిలు 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రము ఏర్పడువఱకు ఈ కొండప్రాంతము విశాఖపట్టణము జిల్లాలోనిది. 1992 అక్టోబరు 2వ తేదీన పాత కోరాపుట్టు జిల్లానుండి రాయగడ వేరుపడినది. ఎల్లలు ఎన్నిమార్లు మారినను చైత్రమాసమున కొండలమీద జరుగు వేటపండుగ మాత్రము మారలేదు. ఇచ్చట దానిని చైత పరబ అందురు. విశాఖ మన్యమున ఇటుకల పండుగ యందురు. పూర్వము ఆ దినములలో ఊరిలోని మగవారందఱును విల్లంబులు, గొడ్డండ్లు, బల్లెములు పట్టి కలసి అడవికి పోవుచుండిరి. వేట దొరకినవానికి ఊరిలో గౌరవము. వట్టిచేతులతో వచ్చినవానిని ఆడవారు పాటలు కట్టి వెక్కిరించెడివారు. కొన్నియెడల పేడనీళ్లు కూడ చల్లెడివారు. అదియంతయు సరసమే. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము తరువాత వేట నేరమైనది. ఆటపాటలు మిగిలియున్నవి.

అయితే ఆ సరసములో ఒక చిక్కు కలదు. ప్రొద్దు వ్రాలుచున్నది, చేత వేట లేదు, ఇంటికి పోయినచో నవ్వుదురు. అట్టి సమయమున ఎదుటి పొదలో ఆకు కదలినచో, అది దుప్పియో తోడి వేటగాడో నిదానించి చూచు ఓపిక ఎంతమందికి ఉండును? సిగ్గు మనుష్యుని తొందరపెట్టును. ఈ సిగ్గు సంగతి పాఠకులు గుర్తుంచుకొందురు గాక. మరల దీనికే రావలసియున్నది.

ఇక ఫైరింగు రేంజి యనగా నేమో చూతము. యెన్.సి.సి. జూనియరు విభాగపు విద్యార్థులు శిబిరములలో కాల్చునది పాయింటు ఇరువదిరెండు రైఫిలు. గురిపలక సుమారు 25 మీటర్ల దూరమున నుండును. పలక వెనుక ఎత్తైన మట్టికట్ట. కాల్పులు జరుగుచున్నంతసేపు ఎఱ్ఱజెండా ఎగురుచుండును. దారులయందు కాపలాదారులు నిలిచి రాకపోకలు ఆపుదురు. ఇంత చిన్న తుపాకికి ఇంత ఆర్భాట మెందుకని విద్యార్థులు అడుగుదురు. ఆ తూటాలోని సీసపుగుండు మూడు గ్రాములైనను తూగదు. కాని అది సెకనుకు సుమారు 330 మీటర్ల వేగముతో, అనగా శబ్దముతో ఇంచుమించు సమానముగా, గొట్టమునుండి వెలువడును. అడ్డులేనిచో కిలోమీటరున్నరకు పైగా పోగలదు. 25 మీటర్ల దూరమునకు గురిపెట్టినవానికి ఆ మిగిలిన కిలోమీటరున్నర కంటికి కనబడదు. మట్టికట్ట, జెండా, కాపలాదారు, ఈ మూడును ఆ కనబడని దూరమునకై ఏర్పడినవి.

కొండ అడ్డముగా నున్నది గదా, వేరే కట్ట యెందులకని మన ప్రాంతమున ఎవరికైనను తోచవచ్చును. మన కొండలలో రాతి చరియలు మెండు. గుండు మెత్తని మన్నులో దిగబడును గాని, రాతికి తగిలినచో దిశ మార్చుకొని ఎటు చెదరునో చెప్పలేము. అందుచేతనే కట్టలోని మన్నును రాళ్లు లేకుండ ఏరి పోయుదురు. అదియును గాక కొండవాలు నిర్మానుష్యమని దూరమునుండి చూచి నిశ్చయింపరాదు. చైత్రమున ఇప్పపూవు ఏరువారు, వేసవిలో ఆకు కోయువారు, సంవత్సరము పొడుగున పసులకాపరులు అచ్చట తిరుగుచునే యుందురు.

రేంజిలో కాల్పువరుస ఒక్కటే. ఆ వరుసలో నున్నవారు తప్ప మిగిలినవారు వెనుక దూరముగా కూర్చుండవలెను. రైఫిలు బోల్టు తెఱచి, గొట్టము గురిపలకల వంకకే యుంచి నేలపై పెట్టబడియుండును. ఆజ్ఞ లేక దానిని తాకరాదు. ఆజ్ఞ యైన పిమ్మటను, గురి కుదిరి కాల్చుటకు నిశ్చయించువఱకు వ్రేలు ట్రిగ్గరుమీద పెట్టరాదు. చెవులకు రక్షణ యుండవలెను. అన్నింటికంటె తెలిసికొనవలసిన దొకటి కలదు: ట్రిగ్గరు నొక్కినను తూటా పేలకపోయినచో ఏమి చేయవలెను? వెనుకకు తిరిగి "సార్, పేలలేదు" అని చూపించుటయే పిల్లలకు సహజముగా తోచును. అంతకంటె అపాయకరమైన పని లేదు. మందు లోపల నెమ్మదిగా అంటుకొని ఆలస్యముగా పేలవచ్చును. కావున గొట్టము గురిపలక వంకనే యుంచి, కదలక, చేయెత్తి తెలిపి, కనీసము అరనిమిషము వేచియుండవలెను. తరువాతి పని శిక్షకునిది.

ఇప్పుడు మన విద్యార్థులకు ప్రత్యేకమైన విషయమునకు వచ్చుచున్నాను. శిబిరములో ఆజ్ఞలు హిందీలో నుండును. సావధాన్, విశ్రామ్ అను మాటలు కవాతులో అందఱకు అలవాటైనవే. రేంజిలో "భర్" అన్నచో తూటా నింపుము, "ఖాలీ కర్" అన్నచో తూటా తీసివేయుము. తెలుగు మాధ్యమమున చదువు బాలుడు ఇంట తెలుగు, బజారులో ఒడియా, కొండవారితో కువియో దేశియయో మాటలాడును. హిందీ అతనికి మూడవదో నాల్గవదో భాష. చుట్టును ఇతర పాఠశాలల పిల్లలు చటచట పనిచేయుచుండగా తనకు మాట అర్థము కాలేదని చెప్పుటకు అతడు సిగ్గుపడును. ప్రక్కవాని చేతులవైపు చూచి అట్లే చేయును. కవాతులో ఇది చెల్లును. ఎడమకాలికి మాఱు కుడికాలు వేసినచో నలుగురు నవ్వుదురు, అంతే. రేంజిలో చెల్లదు. ప్రక్కవాడు ఒక ఆజ్ఞ వెనుకబడియున్నచో, వానిని చూచి చేయువాడును వెనుకబడును. వట్టిచేతులతో ఊరికి పోవుటకు సిగ్గుపడిన ఆ వేటగానికిని, అర్థము కాలేదని చెప్పుటకు సిగ్గుపడు ఈ బాలునికిని భేదము నాకు కనబడదు.

దీనికి మందు సులభమే. రేంజికి పోవు ముందుదినము ఉపాధ్యాయుడు ఆ ఆరేడు ఆజ్ఞలను తెలుగులో విడమరచి చెప్పి, ఒక్కొక్కనిచేత అర్థము చెప్పించవలెను. వల్లె వేయించుట చాలదు. మాట వినగానే చేయి ఏమి చేయవలెనో కఱ్ఱ తుపాకితో చేసి చూపించవలెను. రేంజివద్ద అర్థము కానివాడు చేయెత్తి అడుగవచ్చునని, అడిగినవానిని ఎవరును పరిహసింపరాదని, శిక్షకునితో ముందే మాటలాడుకొనవలెను. ఇంకొక నియమము కూడ పిల్లలకు చెప్పవలసినది. ప్రమాదము చూచినప్పుడు కాల్పు ఆపుమని కేకవేయు హక్కు అధికారికి మాత్రమే కాదు, అచ్చట నున్న ప్రతివానికిని కలదు. ఆ కేక ఏ భాషలో నైనను వేయవచ్చును. తెలుగులో "ఆపండి!" అని అరచినను శిక్షకుడు ముందుగా ఆపించును, కారణము తరువాత అడుగును.

విలువిద్యాసంఘములు ఈ భాషల చిక్కును ఎప్పుడో గుర్తించినవి. ప్రపంచమందంతటను విలుకాండ్రకు ఈలయే ఆజ్ఞ. రెండు ఈలలు వినబడినచో కాల్పువరుసకు వచ్చి నిలువవలెను. ఒక ఈల వేసినచో బాణములు విడువవచ్చును. మూడు ఈలలతో వంతు ముగిసినది. అందఱును విండ్లు దింపి, కలసి పోయి, బాణములు తెచ్చుకొనవలెను. అయిదు, అంతకు మించి ఈలలు వరుసగా మ్రోగినచో అపాయము: ఎక్కుపెట్టిన బాణమునైనను దింపి అమ్ములపొదిలో పెట్టవలెను. పెద్దపోటీలలో దీనికి తోడు రంగుదీపము లుండును. కొరియావాడును, ఇటలీవాడును, మన విజయవాడవాడును ఒక్క ఈలకే కదలుదురు. తెలుగు, ఒడియా, కువి పిల్లలు కలసి ఆడు మన సీమవంటి చోటికి ఇంతకంటె అనువైన ఏర్పాటు మఱియొకటి ఉండునా?

విల్లు కదా, తుపాకి కాదు గదా యని తేలికగా తీసికొనువారికి రెండు మాటలు. బాణము లేకుండ నారి లాగి విడువరాదు. వంగిన వింటిలోని శక్తి బాణముతో పోవలసినది. బాణము లేనిచో అది వింటిలోనే చెలరేగి బద్దలను విఱుగగొట్టును, ముక్కలు మొగమునకు తగులును. బాణము విలుకాని చేతి పొడవునకు తగినట్లుండవలెను. పొట్టిబాణము లాగునప్పుడు ఆనిక జాఱి చేతిలోనే దిగవచ్చును. పలకనుండి బాణము పెఱుకునపుడు ఎవరును వెనుక నిలువరాదు, పలకవద్దకు పరుగెత్తరాదు. ఒక చక్కని నియమము కూడ కలదు. వదలిన బాణము జాఱి 3 మీటర్ల లోపల పడినచో దానిని విడిచినట్లు లెక్కింపరు, మఱియొకటి వేసికొనవచ్చును. కోల్పోయినదేమియు లేదు గనుక, దానికై వరుస దాటి ముందుకు దూకవలసిన అవసరమే కలుగదు. ఆశను అణచుకొమ్మని బోధించుటకంటె, ఆశకు కారణము లేకుండ చేయుట తెలివైన పద్ధతి. ఆ నియమము ఏర్పరచినవారు పిల్లల నెఱిగినవారై యుందురు.

అడవివేటనుండి క్రీడకు వచ్చినవారు లేకపోలేదు. రాజస్థానపు ఆదివాసి కుటుంబమున పుట్టిన లింబా రామ్ చిన్నతనమున వెదురువింటితో పిట్టలను కొట్టినవాడే. 1987లో జరిగిన ఎంపికలలో కనుగొనబడి, 1988, 1992, 1996 సంవత్సరముల ఒలింపిక్ క్రీడలలో మన దేశము పక్షమున విల్లు పట్టెను. తెలుగువారిలో విజయవాడ ఆడపడుచు వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడలయందు మూడు బంగారు పతకములు గెలిచినది. అదే నగరపు బొమ్మదేవర ధీరజ్ 2024 పారిస్ ఒలింపిక్సులో మిశ్రమ జట్టుపోటీయందు అంకితా భకత్‌తో కలసి నాలుగవ స్థానము పొందెను. తుపాకి విద్యలో హైదరాబాదున పెరిగిన గగన్ నారంగ్ 2012 లండను ఒలింపిక్సులో కాంస్యపతకము పొందిన సంగతి చాలమంది ఎఱుగుదురు. ఆయన గెలిచినది 10 మీటర్ల గాలితుపాకి పోటీ. ఆ పోటీలోని గురిపలకపై పది మార్కుల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు.

గాలితుపాకి ప్రసక్తి వచ్చినది గనుక పెద్దలకు ఒక మనవి. జాతరలో బుడగలు కొట్టు తుపాకి చూచి, అది ఆటవస్తువని ఇంటికి కొని తెచ్చువారు కలరు. దాని గుండు కంటికి తగిలినచో చూపు పోవును. 2016వ సంవత్సరపు ఆయుధ నియమావళి ననుసరించి 20 జౌళ్లకు మించిన శక్తి గల గాలితుపాకికి లైసెన్సు కావలెను. మందుతో పేలు తుపాకికి 1959వ సంవత్సరపు చట్టము ప్రకారము లైసెన్సు తప్పనిసరి. 21 ఏండ్లు నిండనివానికి ఇయ్యరు. నాటుతుపాకి తాతలనాటిదైనను చట్టమునకు తాతలు లేరు. సీసపుగుండ్లు ముట్టుకొన్న చేతులు కడుగుకొనక చిరుతిండి తినుటయు మంచిది కాదు. సీసము మెల్లగా విషమగును.

సంఘములు వార్షికోత్సవమునకో పోటీదినమునకో ఊరివారిని పిలిచినపుడు తల్లిదండ్రులు తప్పక పోవలెనని నా అభిప్రాయము. పోయినచో మొదట జెండా ఎచ్చట నున్నదో చూడుడు. ప్రేక్షకులు కూర్చుండు చోటు కాల్పువరుసకు వెనుక నున్నదా, ప్రక్కన నున్నదా చూడుడు. ప్రక్కన నున్నచో వెనుకకు మార్పుమని అడుగుడు. చంటిబిడ్డలను చంకనుండి దింపకుడు, ఖాళీ తూటాలు ఏరుకొనుటకు పిల్లలను విడువకుడు. ఆజ్ఞ యిచ్చువాడు ఒక్కడే యున్నాడా, నలుగురు నాలుగు మాటలు అనుచున్నారా గమనింపుడు. నలుగురు అనుచున్నచో బిడ్డను చేయిపట్టి ఇంటికి తీసికొనిపోవుటకు మొగమోటపడకుడు.

కాల్పులు ముగిసిన పిమ్మట ఇచ్చిన తూటాలెన్ని, మిగిలినవెన్ని, ఖాళీగొట్టములెన్ని అని లెక్క చూతురు. ఒక్కటి తక్కువైనను దొరకువఱకు ఎవరిని కదలనీయరు. ఆ పిదప ప్రతి విద్యార్థియు వరుసలో నిలిచి, తనవద్ద బ్రతికిన తూటా గాని ఖాళీ తూటా గాని లేదని బిగ్గరగా చెప్పవలెను. ఆ వాక్యమును హిందీలో చెప్పించుదురు. మన పిల్లలు దానిని ముందుదినము తెలుగులో ఒకసారి చెప్పుకొని, జేబులు తడవి చూచుకొని, అటుపిమ్మట హిందీలో నేర్చుకొందురు గాక. జెండా దింపునది ఆ లెక్క సరిపోయిన తరువాతనే.