అసోసియేషన్ పెత్తనం ఎంతవరకు?

వీరపునాయునిపల్లె వైపు ఎస్సీ కాలనీల నుంచి ప్రొద్దుటూరులోనో కడపలోనో ఫ్లాటు కొనాలనుకునేవాళ్లు మమ్మల్ని అడిగే ప్రశ్న ఒకటే: ‘అసోసియేషన్‌వాళ్లు ఒప్పుకోకపోతే?’ ఊళ్లో పెద్దమనుషుల కట్టుబాట్లు చూసి వచ్చినవాళ్లకు ఆ భయం ఉంటుంది. కానీ ఒప్పుకోవడానికి అసోసియేషన్ ఎవరు?

మన రాష్ట్రంలో అపార్టుమెంట్లకు 1987 నాటి చట్టం ఉంది. ఫ్లాటు యజమానిది, మెట్లు, లిఫ్టు, నీళ్ల ట్యాంకు అందరివీ. ఆ ఉమ్మడివాటిని చూసుకోవడానికే అసోసియేషన్. మెయింటెనెన్స్ వసూలు చేయొచ్చు, వరండాలో సామాన్లు పెట్టొద్దనొచ్చు. మీ ఇంట్లో ఏం వండుకుంటారు, గోడకు ఎవరి ఫొటో పెట్టుకుంటారు అన్నది దాని పని కాదు. అమ్మేటప్పుడు అడిగే ఎన్‌వోసీ బాకీల్లేవని చెప్పే కాగితమే. కులం చూసి ఇచ్చే అనుమతి కాదు.

కోఆపరేటివ్ హౌసింగ్ సొసైటీ అయితే మాత్రం జాగ్రత్త. అహ్మదాబాద్‌లో ఒక జొరాస్ట్రియన్ సొసైటీ పార్సీలకే సభ్యత్వం అని బైలా పెట్టుకుంది. అది చెల్లుతుందని 2005లో సుప్రీంకోర్టు చెప్పింది. సంఘం పెట్టుకునే స్వేచ్ఛ ఉంది, సభ్యులు తెలిసే చేరారు అన్నది వాదన. రాజ్యాంగం 15(2) అధికరణ దుకాణాలు, హోటళ్లు, బావుల దగ్గర వివక్షను నిషేధించింది గానీ ఇళ్ల ఊసెత్తలేదు. మాకు ఈ తీర్పు మింగుడుపడదు. విదేశీ చదువుతో బరోడా కొలువుకు వచ్చిన అంబేడ్కర్‌ను పదకొండో రోజున సత్రం నుంచి వెళ్లగొట్టారు. ఆ సత్రం కూడా ఒక మతంవాళ్లకే పెట్టింది. అందుకే అడ్వాన్సు ఇవ్వకముందే అది ఏ చట్టం కింద రిజిస్టరైందో కనుక్కుని, బైలా అడిగి చదవండి.

కొన్నాక వేధిస్తే? దళితుల ఇంటి హక్కుల అనుభవానికి, నీళ్లకు అడ్డుపడటం అట్రాసిటీ చట్టం 3(1)(జి) కింద నేరం. సామాజిక బహిష్కరణ 3(1)(జడ్‌సీ) కిందికి వస్తుంది. అయితే 2020లో హితేశ్ వర్మ కేసులో సుప్రీంకోర్టు, కులం కారణం కాని ఆస్తి తగాదాకు ఈ చట్టం వర్తించదంది. కాబట్టి కులమే కారణమని తేల్చే రుజువులు కావాలి. నీళ్లు ఆపిన తేదీ, వాట్సాప్ గ్రూపులో మెసేజీలు, మీటింగు మినిట్స్, మీరు కట్టిన రసీదులు దాచుకోండి. స్టేషన్‌లో ‘ముందు విచారిస్తాం, తర్వాత చూద్దాం’ అంటే 2018లో చేర్చిన 18ఏ సెక్షన్ చూపించండి. ఎఫ్‌ఐఆర్ కట్టడానికి ముందస్తు విచారణ అక్కర్లేదని అందులోనే ఉంది.