వీడియోలో వణికిన వెలుగు

మా పాప పాయింట్ కుక్‌లో బడికెళ్తోంది. ఈ టర్ములో ఫోటోగ్రఫీ, వీడియో పాఠాలు. మొన్న ఓ పాత వీడియో చూస్తూ "నాన్నా, షట్టర్ ఎంత పెట్టావు?" అంది.

కిందటిసారి మా అమ్మ వచ్చినప్పుడు వంటింట్లో పాడిన పాట అది. తెరమీద వెలుగు వణుకుతూ, నల్లచారలు పాకుతూ ఉంటాయి. ఇన్నాళ్ళూ లైటు పాడైందనుకున్నాను. కంప్యూటర్ సైన్సులో మాస్టర్సు చేసి ఏం లాభం!

కెమెరా అమెరికాలో కొన్నది. సెకనుకి 30 ఫ్రేములు, షట్టర్ 1/60. అక్కడ కరెంటు 60 హెర్ట్జులు. ఇక్కడా, ఇండియాలోనూ 50. పాతకాలపు చోక్ ఉన్న ట్యూబులైటు వెలుగు ఇక్కడ సెకనుకి 100 సార్లు పెరిగి తగ్గుతుంది. మన కంటికి ఆనదు. షట్టర్ 1/50 అయితే ప్రతి ఫ్రేములోనూ సరిగ్గా రెండు విడతలు పడతాయి, వెలుగు సమానం. 1/60లో ఒకటీ ముప్పాతిక కూడా పట్టదు; అందుకే ఒక ఫ్రేము కాంతిగా, ఇంకోటి మసకగా. ఇక చారలంటారా, చాలా సెన్సర్లు బొమ్మని ఒక్కసారిగా కాక వరసవరసగా చదువుతాయి.

మెల్బోర్న్ అయినా విజయవాడ అయినా, లైట్ల కింద 1/50 గానీ 1/100 గానీ పెట్టండి. తీసేసిన వీడియోని పూర్తిగా బాగుచెయ్యడం కష్టం.

డిసెంబరులో అమ్మ వస్తోంది. ఆ పాటే మళ్ళీ పాడమన్నాం. చరణాలు గుర్తులేవంటోంది.