టెర్మినల్ స్క్రిప్ట్‌కి పాప్-అప్ విండో: యూజర్‌ని అడిగి ఇన్‌పుట్ తీసుకోవడం ఎలా?

బ్యాష్‌లోనో పైథాన్‌లోనో చిన్న చిన్న స్క్రిప్టులు రాసుకునే అలవాటు ఉంటే ఈ ఇబ్బంది మీకూ ఎదురయ్యే ఉంటుంది. స్క్రిప్ట్ పనంతా బాగానే చేస్తుంది. కానీ మధ్యలో మనల్ని ఒక మాట అడగాలి. ఏ ఫోల్డర్? ఫోటో సైజ్ ఎంత? పాస్‌వర్డ్ ఏంటి? టెర్మినల్ ఎదురుగా తెరిచి ఉంటే 'రీడ్' కమాండ్ చాలు. అదే స్క్రిప్ట్‌ని హోమ్ స్క్రీన్ మీద ఐకాన్ నొక్కి నడిపితే? టెర్మినల్ కనిపించదు, ప్రశ్న కనిపించదు, జవాబు టైప్ చేసే చోటే ఉండదు.

దీనికోసం మొత్తం స్క్రిప్ట్‌ని యాప్‌గా తిరగరాయాలేమో అనుకుని చాలామంది అక్కడే ఆపేస్తారు. అంత అవసరం లేదు. విండోని అరువు తెచ్చుకుంటే సరిపోతుంది.

అసలు ఇది ఎలా పనిచేస్తుంది?

డైలాగ్ బాక్స్ చూపించడం ఒక్కటే పనిగా ఉన్న చిన్న ప్రోగ్రామ్‌లు కొన్ని ఉన్నాయి. మన స్క్రిప్ట్ వాటిలో ఒకదాన్ని మామూలు కమాండ్‌లాగే పిలుస్తుంది. స్క్రీన్ మీద బాక్స్ వస్తుంది. మనం జవాబిచ్చేదాకా స్క్రిప్ట్ ఆగి ఉంటుంది. బాక్స్ మూసుకున్నాక సాధారణంగా రెండు విషయాలు వెనక్కి వస్తాయి. ఒకటి, మనం టైప్ చేసిన మాట. ఇది స్టాండర్డ్ అవుట్‌పుట్‌లో వస్తుంది. రెండోది ఎగ్జిట్ కోడ్, అంటే మనం ఓకే నొక్కామా, క్యాన్సిల్ నొక్కామా అని చెప్పే నంబర్.

మొదటిదాన్ని అందరూ పట్టుకుంటారు. రెండోదాన్ని వదిలేస్తేనే ప్రమాదం. ఆ సంగతి కింద చెప్తాను.

ఆండ్రాయిడ్‌లో: టెర్మక్స్-డైలాగ్

ఫోన్‌లో దీనికి టెర్మక్స్‌తో పాటు 'టెర్మక్స్ ఏపీఐ' అనే యాడ్-ఆన్ యాప్ కావాలి. రెండింటినీ ఒకే చోటి నుంచి తీసుకోండి. ఎఫ్-డ్రాయిడ్ అయితే రెండూ ఎఫ్-డ్రాయిడ్, గిట్‌హబ్ అయితే రెండూ గిట్‌హబ్. రెండు చోట్లా యాప్‌ల సిగ్నేచర్ వేరు కాబట్టి కలిపితే ఇన్‌స్టాల్ కావు. ఆ తర్వాత టెర్మక్స్ లోపల 'టెర్మక్స్-ఏపీఐ' ప్యాకేజీ కూడా వేయాలి. ప్యాకేజీ మర్చిపోతే కమాండే దొరకదు. యాప్ మర్చిపోతే కమాండ్ ఉంటుంది గానీ బాక్స్ రాదు.

ఇక 'టెర్మక్స్-డైలాగ్' కమాండ్‌తో టెక్స్ట్ బాక్స్, రేడియో బటన్లు, చెక్ బాక్సులు, తేదీ, టైమ్, అవును-కాదు ప్రశ్న, ఇలా చాలా రకాలుగా అడగొచ్చు. మాటతో జవాబు చెప్పే స్పీచ్ ఆప్షన్ కూడా ఉంది. జవాబు జేసన్ రూపంలో వస్తుంది. అందులో 'కోడ్', 'టెక్స్ట్' అని విడివిడిగా ఉంటాయి. జేక్యూ టూల్‌తో కావలసింది తీసుకోవచ్చు.

నేను దీన్ని ఫోటో సైజ్ తగ్గించే స్క్రిప్ట్‌కి వాడుతున్నాను. ఆన్‌లైన్ అప్లికేషన్లలో ఒకచోట 20 కేబీ లోపు అంటారు, ఇంకోచోట 50 కేబీ లోపు అంటారు కదా. రేడియో బటన్లలో సైజ్ ఎంచుకుంటే ఇమేజ్‌మ్యాజిక్ మిగతా పని చూసుకుంటుంది. టెర్మక్స్ విడ్జెట్ యాప్‌తో దీనికి హోమ్ స్క్రీన్ మీద షార్ట్‌కట్ పెట్టుకున్నాను. 'షార్ట్‌కట్స్' ఫోల్డర్ లోపలి 'టాస్క్స్' ఫోల్డర్‌లో పెట్టిన స్క్రిప్ట్ టెర్మినల్ తెరవకుండా వెనకాలే నడుస్తుంది. మా ఇంట్లో టెర్మినల్ అంటే ఏంటో తెలియనివాళ్లు కూడా దాన్ని వాడేస్తున్నారు.

ఒక జాగ్రత్త. ఆండ్రాయిడ్ 10 నుంచి బ్యాక్‌గ్రౌండ్‌లో ఉన్న యాప్‌లు స్క్రీన్ మీదికి రావడానికి ఆంక్షలున్నాయి. బాక్స్ రాకపోతే సెట్టింగ్స్‌లో టెర్మక్స్‌కి 'ఇతర యాప్‌లపై చూపించే' పర్మిషన్ ఇచ్చి చూడండి.

పీసీలో ఏం వాడాలి?

లినక్స్‌లో గ్నోమ్ వాడేవాళ్లకి జెనిటీ, కేడీఈ వాడేవాళ్లకి కేడైలాగ్. జెనిటీలో ఓకే నొక్కితే ఎగ్జిట్ కోడ్ 0, క్యాన్సిల్ నొక్కినా విండో మూసేసినా 1, మనం పెట్టిన టైమ్ దాటిపోతే 5. మ్యాక్‌లో వేరే ఏదీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు, 'ఓఎస్ఏస్క్రిప్ట్' కమాండ్‌తోనే బాక్స్ చూపించొచ్చు. విండోస్‌లో పవర్‌షెల్ నుంచి విజువల్ బేసిక్ ఇన్‌పుట్‌బాక్స్‌ని పిలవొచ్చు.

పైథాన్ రాసేవాళ్లకి టికింటర్ ఉంది. ముందుగా రూట్ విండోని 'విత్‌డ్రా' చేసి దాచేయండి. లేకపోతే మన ప్రశ్న పక్కన పనిలేని ఖాళీ విండో ఒకటి వేలాడుతుంది. తర్వాత సింపుల్‌డైలాగ్‌లోని 'ఆస్క్‌స్ట్రింగ్' పిలిస్తే చాలు.

క్యాన్సిల్ నొక్కితే ఏమవుతుంది?

అసలు విషయం ఇక్కడుంది. పాత ఫైళ్లు డిలీట్ చేసే స్క్రిప్ట్ ఒకటి ఉందనుకుందాం. ఫోల్డర్ పేరు బాక్స్‌లో అడిగి వేరియబుల్‌లో పెడుతుంది. దాని చివర /* చేర్చి డిలీట్ కమాండ్‌కి ఇస్తుంది. యూజర్ భయపడి క్యాన్సిల్ నొక్కాడు. వేరియబుల్ ఖాళీ. ఇప్పుడు డిలీట్ కమాండ్‌కి అందింది ఉత్త /* మాత్రమే, అంటే సిస్టమ్ మొదలు నుంచి పర్మిషన్ ఉన్న ప్రతి ఫైలూ. వద్దు అన్నందుకే మొత్తం పోతుంది!

అందుకే ముందు కోడ్ చూడాలి, తర్వాతే టెక్స్ట్ చూడాలి. జెనిటీలో 0 వస్తేనే ముందుకెళ్లాలి. టెర్మక్స్ టెక్స్ట్ బాక్స్‌లో ఓకేకి -1, క్యాన్సిల్‌కి -2 వస్తాయి. కాబట్టి అక్కడ -1 ఉంటేనే కొనసాగాలి. టికింటర్ ఆస్క్‌స్ట్రింగ్‌లో క్యాన్సిల్‌కి 'నన్' వస్తుంది, ఖాళీగా ఓకే నొక్కితే ఖాళీ స్ట్రింగ్ వస్తుంది. రెండూ ఒకటి కాదు. విండోస్ ఇన్‌పుట్‌బాక్స్‌లో మాత్రం క్యాన్సిల్‌కీ ఖాళీ స్ట్రింగే వస్తుంది, కాబట్టి అక్కడ ఖాళీ జవాబంటే ఆగిపోవడమే మంచిది.

బ్యాష్‌లో ఇంకో రక్షణ కూడా ఉంది. వేరియబుల్‌ని ఫ్లవర్ బ్రాకెట్లలో పెట్టి, పేరు వెంటనే కోలన్, ప్రశ్నార్థకం రాస్తే, అది ఖాళీగా ఉన్నప్పుడు స్క్రిప్ట్ అక్కడే ఆగిపోతుంది. వేరియబుల్ చుట్టూ డబుల్ కోట్స్ కూడా పెట్టండి, పేరులో స్పేస్ ఉన్న ఫోల్డర్ రెండు ముక్కలవకుండా ఉంటుంది.

పాస్‌వర్డ్ సంగతి

ఎస్ఎస్‌హెచ్ పాస్‌వర్డ్‌ని స్టాండర్డ్ ఇన్‌పుట్ నుంచి కాకుండా నేరుగా టెర్మినల్ నుంచే చదువుతుంది. టెర్మినల్ లేనప్పుడు 'ఎస్ఎస్‌హెచ్ ఆస్క్‌పాస్' అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో చెప్పిన ప్రోగ్రామ్‌ని పిలిచి, విండోలో అడిగిస్తుంది. 2020లో వచ్చిన ఓపెన్ఎస్ఎస్‌హెచ్ 8.4 నుంచి, టెర్మినల్ ఉన్నా సరే విండోలోనే అడగమని చెప్పే వీలు కూడా వచ్చింది. గిట్‌కి 'గిట్ ఆస్క్‌పాస్' ఉంది, జీపీజీకి పిన్ఎంట్రీ ఉంది. అంటే మనం చెప్పుకుంటున్న అరువు విండో పద్ధతినే ఇంత పెద్ద టూల్స్ కూడా వాడుతున్నాయి.

మీ స్క్రిప్ట్‌లో పాస్‌వర్డ్ తీసుకుంటే దాన్ని ఇంకో కమాండ్‌కి ఆర్గ్యుమెంట్‌గా మాత్రం ఇవ్వకండి. పీఎస్ కమాండ్ కొడితే అదే మెషీన్ వాడే ఇతరులకీ కనిపించొచ్చు. పైప్ ద్వారా పంపండి.

స్క్రీనే లేకపోతే?

సర్వర్ మీదో, క్రాన్‌లోనో నడిచేటప్పుడు విండో గీయడానికి స్క్రీన్ ఉండదు. లినక్స్‌లో 'డిస్‌ప్లే', 'వేలాండ్ డిస్‌ప్లే' వేరియబుల్స్ రెండూ ఖాళీగా ఉంటే విండో పిలవకండి. టెర్మినల్ ఉంటే రీడ్‌తో అడగండి. అదీ లేకపోతే ఎర్రర్ చెప్పి ఆగిపోండి. అడిగే దారి లేనప్పుడు జవాబుని స్క్రిప్టే ఊహించుకోకూడదు.

మొదటిసారి ప్రయత్నించేవాళ్లు డిలీట్ లాంటివి కాకుండా, ఒక పేరు అడిగి తిరిగి చూపించే నాలుగు లైన్ల స్క్రిప్ట్‌తో మొదలుపెట్టండి. దాన్ని మూడుసార్లు నడపండి: ఏదో ఒకటి టైప్ చేసి ఓకే, ఖాళీగా ఓకే, ఆ తర్వాత క్యాన్సిల్. మూడింటికీ మీ స్క్రిప్ట్ మూడు రకాలుగా స్పందిస్తే, ఇక దానికి అసలు పని అప్పగించొచ్చు.