తొండి ఆడితే ఒప్పుకోం!

మూడు గవ్వలు వెల్లకిలా పడ్డాయి. నాలుగోది చాప అంచుకి ఆనుకుని, అటూ ఇటూ కాకుండా నిలబడింది. దాన్నీ వెల్లకిలా కిందే లెక్కేస్తే చమ్మా, అంటే నాలుగు. లేదంటే మూడు. చమ్మా అయితే న్యూజెర్సీ నుంచి వచ్చిన మనవడి కాయ చచ్చినట్టే. మా పెద్దమ్మ కళ్లజోడు సర్దుకుని, గవ్వ వంక ఒకసారి చూసి, "చమ్మానే" అంది.

"తొండి!" అని అరిచాడు వాడు. వాడికి తెలుగు అంతంతమాత్రం. ఆ ఒక్క మాట మాత్రం ఆటలో కూర్చున్న పావుగంటకే వంటబట్టింది.

"చాప అంచున పడింది చెల్లదు అత్తయ్యా, మళ్లీ వెయ్యండి" అని వంటింట్లోంచే తీర్పు చెప్పింది మా వదిన. పెద్దమ్మ సణుక్కుంటూ వేసింది. రెండు పడింది.

సంక్రాంతి సెలవుల్లో జరిగిన సంగతి ఇది. ఆ ఇంట్లో మనిషికో ఫోనుంది, గోడంత టీవీ ఉంది. అయినా మూడు రోజులూ ఇంటిల్లిపాదీ చేరింది సుద్దముక్కతో గీసిన పాతిక గళ్ల అష్టా చమ్మా చుట్టూనే. హైదరాబాద్‌లో వారాంతాల్లో బోర్డు గేముల కెఫేలకి వెళ్లే కుర్రకారుదీ అదే దారి. ఆట ఏదైనా కానివ్వండి, జనాన్ని అక్కడ కూర్చోబెట్టేది గెలుపొక్కటే కాదు. కమ్మటి తగువు.

పెట్టె లేని ఆటలు

మన పాత ఆటలకి కొట్లో కొనాల్సిన పెట్టె లేదు. అష్టా చమ్మాకి నాలుగు గవ్వలు చాలు. అవీ లేకపోతే చింతపిక్కల్ని గచ్చు మీద ఒకవైపు తెల్లగా తేలేదాకా అరగదీసేవాళ్లు. కాయలకి గాజుముక్కలు, పుల్లలు, గులకరాళ్లు, ఏవి దొరికితే అవి. వామన గుంటల పీట లేని ఇంట్లో నేల మీదే పద్నాలుగు గుంటలు తీసేవాళ్లు. హంపీ వెళ్తే మండపాల రాతి నేల మీద చెక్కిన ఆటల గళ్లు ఇప్పటికీ కనిపిస్తాయి. అక్కడ కూర్చున్న వాళ్లెవరో గానీ, పొద్దుపోక ఒకటి రెండు గీతలు గీసి లేచిపోయిన వాళ్లయితే కాదు.

పెట్టె లేదు కాబట్టి, అందులో పెట్టి ఇచ్చే నియమాల కాగితమూ లేదు. నాలుగూ వెల్లకిలా పడితే చమ్మా, నాలుగూ బోర్లా పడితే అష్టా, అంటే ఎనిమిది. రెంటికీ ఇంకో పందెం. ఇంతవరకూ అందరిదీ ఒకటే మాట. ఆపైన ఏ ఇంటి చట్టం ఆ ఇంటిదే. చమ్మానో అష్టానో పడితే గానీ కాయ లేవదంటుంది మా పెద్దమ్మ. మా వదిన పుట్టింట్లో ఏది పడినా లేస్తుంది. ఒక్క కాయనైనా చంపకుండా లోపలి గళ్లలోకి పోకూడదని కొందరు. వరసగా మూడు చమ్మాలు పడితే మొత్తం చెల్లదని ఇంకొందరు. అందుకే పంటలు వేసుకోవడానికి ముందే "మీ ఊళ్లో ఎలా ఆడతారు?" అన్న ప్రశ్న వస్తుంది. అక్కడే సగం ఆట అయిపోతుంది.

ఊరు దాటితే మారే నియమం సముద్రం దాటితే ఊరుకుంటుందా? ఇక్కడి పచ్చీసు ఇంగ్లండుకి వెళ్లి, గవ్వల బదులు పాచిక పుచ్చుకుని, 1896లో లూడో పేరుతో పేటెంటు తెచ్చుకుంది. మన వైకుంఠపాళి కూడా అటే పోయి, పుణ్యపాపాల పేర్లు పోగొట్టుకుని, ఉత్త పాములూ నిచ్చెనలుగా తిరిగొచ్చింది. అటునుంచి వచ్చినవీ ఉన్నాయి. పేకలో మనం కళావరు అంటున్నది డచ్చివాళ్ల 'క్లావర్', ఆఠీను వాళ్ల 'హార్టెన్'. మచిలీపట్నంలో బట్టల వ్యాపారానికి దిగినవాళ్లు ముక్కల పేర్లు కూడా వదిలిపెట్టి పోయారు.

"గొర్రె ఇస్తా, ఇటుక ఇస్తావా?"

కొండాపూర్ వైపు ఒక కెఫేలో ఓ శనివారం సాయంత్రం పక్క బల్ల మీంచి వినిపించిన బేరం ఇది. ఆడుతున్నది కటాన్. దంతాలు తయారుచేసే ల్యాబు నడుపుకున్న జర్మన్ క్లౌస్ టాయ్‌బర్ కల్పించిన ఆట, 1995లో వచ్చింది. దీవిలో ఊళ్లు కట్టాలి, దారులు వేయాలి, ముందుగా పది పాయింట్లకి చేరాలి. అందుకు కావాల్సిన కర్ర, ఇటుక, గొర్రె, గోధుమ, ఖనిజం ఏ ఒక్కరి దగ్గరా అన్నీ ఉండవు. ఎదుటివాణ్ని అడుక్కోక తప్పదు.

"ఒక్క ఇటుకకి రెండు గొర్రెలా? దోచుకుంటున్నావు" అంటోంది ఒకమ్మాయి. "నిన్న నీకు గోధుమ ఊరికే ఇచ్చానా లేదా?" అని పాత బాకీ తవ్వాడు ఎదుటి కుర్రాడు. ఈలోగా పాచికల మీద ఏడు పడింది. రెండు పాచికలకి 36 రకాలుగా పడే వీలుంటే అందులో ఆరింటికి మొత్తం ఏడే, అన్నిటికన్నా ఎక్కువసార్లు పడేది అదే. ఏడు పడితే దొంగ కదులుతాడు. చేతిలో ఏడు ముక్కలు దాటినవాడు సగం వదులుకోవాలి. వేసిన వాడి వంక మిగతా ముగ్గురూ చూసిన చూపు రైతుబజార్లో కాటా మీద అనుమానం వచ్చినప్పటి చూపే.

ఊనో అనే ముక్కలాట అయితే పుట్టిందే తగువులోంచి. అమెరికాలో ఒహాయో రాష్ట్రపు మంగలి మెర్ల్ రాబిన్స్, క్రేజీ ఎయిట్స్ అనే పేకాట నియమాల మీద కొడుకుతో వాదన పెరిగి, 1971లో దీన్ని తయారుచేశాడని చెబుతారు. ప్లస్ ఫోర్ ముక్క మీద ప్లస్ టూ ముక్క వేసి తప్పించుకోవడం కుదరదని 2019లో ఊనో వాళ్లే ట్విటర్లో ప్రకటిస్తే, మా ఇంట్లో కుదురుతుందంటూ జనం వాళ్ల మీదే తిరగబడ్డారు. ఆటని అమ్మేవాళ్ల మాటా చెల్లలేదు!

నోరెత్తని ఆట

2020 లాక్‌డౌన్‌లో ఫోన్లో లూడో ఊపందుకుంది. ఇళ్లలో ఇరుక్కున్న జనానికి అది చేసిన మేలు తక్కువేం కాదు. కానీ ఫోన్లో పాచిక ఎప్పుడూ మంచం కిందికి దొర్లదు. కాయ ఒక గడి ఎక్కువ జరగదు. లెక్క తప్పదు కాబట్టి దెబ్బలాటా లేదు. దెబ్బలాట లేని చోటికి డబ్బు తేలిగ్గా వచ్చి కూర్చుంది.

పేకాటలో అదే చూశాం. రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆటని సుప్రీంకోర్టు 1967లో చెప్పింది, సికింద్రాబాద్ క్లబ్బు ఒకదాని కేసులోనే. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, చేతిలోవి పేర్చుకోవాలి అన్నది కోర్టు మాట. అయితే క్లబ్బులో ఎదురుగా మనిషి ఉంటాడు. జోకరు వస్తే వాడి కనుబొమ్మ కదులుతుంది, "ఇంక చాల్లేరా, ఇంటికి పో" అనే స్నేహితుడూ అక్కడే ఉంటాడు. అర్ధరాత్రి దుప్పట్లో ఫోన్ పట్టుకున్నవాడికి ఆ మాట చెప్పేదెవరు? డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో దేశమంతటికీ కలిపి పార్లమెంటు చట్టం చేసింది.

తొండి గొప్పదని ఎవరూ అనరు. కానీ దాన్ని పట్టుకోవాలంటే ఎదుటివాడి చేతి మీద ఒక కన్నేసి ఉంచాలి. బుకాయించాలంటే ముఖం అదుపులో ఉంచుకోవాలి. చివరికి ఎవరో ఒకరు తగ్గాలి, లేకపోతే ఆట సాగదు. ఇవేవీ నియమాల కాగితంలో ఉండవు. పక్కన కూర్చుంటేనే వస్తాయి.

మొన్న ఆదివారం పెద్దమ్మకి న్యూజెర్సీ నుంచి వీడియో కాల్ వచ్చింది. మనవడు అట్టముక్క మీద గళ్లు గీసి, స్నేహితులకి అష్టా చమ్మా నేర్పుతున్నాడట. ఫోన్ కిందికి తిప్పి చూపించాడు. "నానమ్మా, గవ్వ కార్పెట్‌లో ఇరుక్కుని నిలబడిపోయింది. ఏం చెయ్యాలి?"

పెద్దమ్మ కళ్లజోడు సర్దుకుంది.

"పందెం ఎవరిది?"

"నాదే."

"అయితే చమ్మానే."