మూడు మాసాల సగటు

సహనం, క్రమబద్ధత అనే మాటలు సంస్థ సమావేశాలలో తరచు వినవస్తుంటాయి. నోయిడాలో ఉద్యోగరీత్యా స్థిరపడిన మాకు వాటి అంతరార్థం బోధించినది మాత్రం చక్కెర వ్యాధి. వైద్యుల సలహాపై వారానికి ఐదు దినాలు, దినానికి అరగంట చొప్పున నడక ప్రారంభించాము. రాత్రి భోజనంలో అన్నం తగ్గించి కూర, పప్పు పెంచాము. జనవరి పొగమంచు కమ్మిన ఉదయాలలో సెక్టారు పార్కు మాని ఇంటి వరండాలోనే నడిచాము.

పరగడుపున చేసే పరీక్ష ఆనాటి సంగతినే చెబుతుంది. హెచ్‌బిఎ1సి పరీక్ష సుమారు గడచిన రెండు, మూడు మాసాల సగటును తెలుపుతుంది. ముందురోజు ఉపవాసం దానిని మార్చజాలదు. ఎర్ర రక్తకణాల ఆయుర్దాయం దాదాపు 120 దినాలు. పాత లెక్క చెరగడానికి వ్యవధి కావాలి.

వ్యాపారానికీ ఇదే న్యాయం. మార్చి మాసాంతపు హడావిడి ఒక అంకెను మెరిపించవచ్చు. వినియోగదారుని నమ్మకం మాత్రం ఏడాది పొడవునా అందిన సేవల సగటు. మన తెలుగునాట రామగుండంలో ఎన్‌టీపీసీ తొలి 200 మెగావాట్ల యూనిట్ 1983లో ఆరంభమైంది. కేంద్రం 2,600 మెగావాట్లకు చేరినది 2004లో. అక్కడ సైతం చల్లారిన టర్బైనును నెమ్మదిగా వేడిచేస్తూనే వేగం పెంచుతారు. తొందరపడితే లోహం దెబ్బతింటుంది.

మూడు మాసాలకు మా అంకె కొంత దిగింది. మందులు వైద్యుల ఆజ్ఞ మేరకు, నడక మా నియమం మేరకు కొనసాగుతున్నాయి.