ప్రేమకూ గట్టు కావాలి

ప్రధానం అయ్యాక అబ్బాయి రోజుకు ఇరవైసార్లు ఫోను చేస్తే మనం మురిసిపోతాం. "ఎంత ప్రేమో!" అంటాం. కాని ఆ పిల్ల పొలంలో ఉన్నా, పరీక్షకు చదువుకుంటున్నా "ఎవరితో ఉన్నావు? ఎందుకు ఎత్తలేదు?" అని ఆరా తీస్తుంటే దాన్ని కాపలా అనాలి. అమ్మాయిలు అబ్బాయిలను ఇలా వేధించడమూ మనం చూస్తున్నదే.

గట్టు లేని మడిలో నీరు నిలవదు. కనుక మెత్తగా, స్పష్టంగా చెప్పాలి: "పగలు నాకు పని ఉంటుంది. రాత్రి 8 గంటలకు మాట్లాడుకుందాం." చెప్పిన వేళకు తప్పక మాట్లాడాలి. పంతొమ్మిదిసార్లు ఊరుకుని ఇరవయ్యోసారి ఎత్తితే, ఇరవైసార్లు చేస్తేనే పలుకుతామని మనమే నేర్పినట్లవుతుంది.

"మాట్లాడకపోతే చచ్చిపోతాను" అంటే ఆ బరువు ఒంటరిగా మోయవద్దు. వెంటనే ఇరువైపుల పెద్దలకు చెప్పండి. 14416 నంబరుకు, అంటే టెలి మానస్‌కు, ఫోను చేయించండి. వద్దన్నా స్త్రీని పదేపదే వెంబడించడం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షను ప్రకారం నేరం. 181కి ఫోను చేసి చెప్పుకోవచ్చు.

తల్లిదండ్రులారా, ప్రధానం అయిపోయింది, పరువు పోతుంది అని బిడ్డ నోరు నొక్కకండి. ఈరోజు "వద్దు" అన్న మాట విననివాడు పెళ్లయ్యాక వింటాడని ఏ ధైర్యంతో అనుకుందాం?